రిపోర్టులో కాల్షియం నార్మల్

"కాల్షియం నార్మల్‌గానే ఉందమ్మా, ఎముకలకేం ఢోకా లేదు. వయసు నొప్పులు, అంతే." ఈ మాట విని, సంచిలో మాత్రలు వేసుకుని కదిరి బస్సో మదనపల్లె బస్సో దిగిన ఆడవాళ్ళు మా తనకల్లులో వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నడుము పట్టేసి, తొడలు బరువెక్కి, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక వెళ్ళినవాళ్ళే వాళ్ళంతా. రిపోర్టు చూశాక ఇంట్లోవాళ్ళు కూడా "నార్మలే గదా" అంటారు. ఆ తర్వాత ఆమె నొప్పి అన్నా ఎవరూ పట్టించుకోరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రక్తంలో కాల్షియం సరిగ్గా ఉందంటే ఎముకలు బాగున్నాయని కాదు. ఒక్కోసారి ఎముకలు కరుగుతున్నాయి కాబట్టే రక్తంలో లెక్క సరిపోతోందని అర్థం. నేను డాక్టర్ని కాను, తెలుగు బి.ఏ. చదివి ఇల్లు చూసుకుంటున్నదాన్ని. కానీ మా అత్తగారి వల్ల ఈ సంగతి మూడేళ్ళుగా చదువుతున్నాను, కనబడిన డాక్టరునల్లా అడుగుతున్నాను. అర్థమైనంత మేర మన భాషలో చెప్తాను.

పెద్దవాళ్ళ ఒంట్లో కాల్షియం దాదాపు కిలో ఉంటుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఎముకల్లో, పళ్ళల్లోనే. మిగిలిన ఆ కాస్తలోనే రక్తంలో తిరిగేది కూడా ఉంది. ఆ కాస్తే గుండె కొట్టుకోవడానికి, కండరం బిగియడానికి, నరం కబురు మోయడానికి, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావాలి. డెసిలీటరుకి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మిల్లీగ్రాముల మధ్య అది ఉండి తీరాలి. బాగా తగ్గితే చేతివేళ్ళు కొంకర్లు పోతాయి, ఫిట్సు రావచ్చు. అందుకని శరీరం దాన్ని తగ్గనివ్వదు. ఏం చేసైనా తగ్గనివ్వదు.

ఏం చేస్తుందో చెప్పడానికి నాకు మన కరువు ఏళ్ళు గుర్తొస్తాయి. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది కూడా మనిళ్ళకు చుట్టాలొస్తే కాఫీ ఇస్తాం, పిల్లల ఫీజు కడతాం, పెళ్ళికి వెళ్తే చదివింపులు చదివిస్తాం. బయటివాళ్ళకు ఏ లోటూ కనబడదు. ఆ ఇంటి ఆడమనిషి మెడ చూస్తేగానీ అసలు సంగతి తెలియదు. గొలుసు బ్యాంకులో ఉంటుంది, పుస్తెలు పసుపుతాడులో ఉంటాయి. రక్తంలో కాల్షియం చూసి ఎముకలు బాగున్నాయనడం, కాఫీ ఇచ్చారు కాబట్టి నగలు ఇంట్లోనే ఉన్నాయనుకోవడం లాంటిది.

ఆ తాకట్టు పెట్టే పని చూసేవి పారాథైరాయిడ్ గ్రంథులు. గొంతులో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంతవి నాలుగు ఉంటాయి. పేరు దగ్గరగా ఉంది కదా అని థైరాయిడ్ పరీక్ష చేయించుకుని "అది కూడా చూశారు" అనుకునేవాళ్ళున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు, పక్కపక్క ఇళ్ళు మాత్రమే. మనుషుల్లో వీటిని మొదట గుర్తించి రాసింది 1880లో స్వీడన్ దేశపు వైద్య విద్యార్థి ఇవార్ శాండ్‌స్ట్రోమ్. రక్తంలో కాల్షియం రవ్వంత తగ్గితే చాలు, ఈ గ్రంథులు పసిగట్టి ఒక హార్మోన్ వదులుతాయి. అది ఎముకలోంచి కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి తెస్తుంది. మూత్రంలో కాల్షియం పోకుండా మూత్రపిండాలను ఆపుతుంది. విటమిన్ డిని పనిలోకి దింపమని కూడా ఆ మూత్రపిండాలకే చెబుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎముకలో కాల్షియం ఒంటరిగా ఉండదు, ఫాస్ఫేటుతో అంటే మన భాస్వరంతో కలిసి ఉంటుంది. బంగారం కోసం కమ్మలు కరిగిస్తే అందులోని రాళ్ళూ ఊడొస్తాయి చూడండి, అలా కాల్షియం కోసం ఎముకను కరిగిస్తే ఫాస్ఫేటూ వస్తుంది. రెండూ రక్తంలో పెరిగిపోతే ఉండకూడని చోట సున్నంలా పేరుకుంటాయి. అందుకని ఈ హార్మోనే ఫాస్ఫేటును మూత్రంలోకి తోసేస్తుంది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. ఎంత పొందిక! కానీ ఏళ్ళ తరబడి ఇలాగే నడిస్తే ఆ పొందికే మనల్ని గుల్ల చేస్తుంది.

విటమిన్ డి పేరుకే విటమిన్, చేసే పని హార్మోన్‌ది. ఎండ తగిలితే చర్మంలో పుడుతుంది, కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఇంకోసారి మారి అప్పుడు పనికొస్తుంది. అది చాలినంత ఉంటే తిన్న కాల్షియంలో నూటికి ముప్పై, నలభై వంతులు పేగులు పీల్చుకుంటాయి. లేకపోతే పది, పదిహేను. మిగతాది పోయే దారినే పోతుంది. మింగిన మాత్ర ఒంటికి పట్టలేదని మనవాళ్ళు అనే మాట అక్షరాలా నిజం.

మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు. "కాళ్ళల్లో సత్తువ లేదు మే, మెట్టు ఎక్కలేకుండా ఉండా" అని రెండేళ్ళు అన్నారు. బాతులా అటూ ఇటూ ఊగుతూ నడిచేవారు. మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కితే "అమ్మా" అనేవారు. చూపించిన మొదటి చోట కాల్షియం 8.9 వచ్చింది, నార్మల్ అన్నారు. కీళ్ళవాతమని ఒక చోట, నరాల బలహీనత అని ఇంకో చోట మందులిచ్చారు. చివరికి తిరుపతిలో ఒక డాక్టరమ్మ నాలుగు పరీక్షలు కలిపి రాశారు. విటమిన్ డి తొమ్మిది. పారాథైరాయిడ్ హార్మోన్ ఉండాల్సినదానికి రెండింతలు. ఫాస్ఫరస్ తక్కువ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ. "ఎముకలు పెళుసెక్కడం వేరు, మెత్తబడడం వేరు. మీ అత్తగారివి మెత్తబడ్డాయి. ఇది తిరిగి గట్టిపడుతుంది" అని ఆవిడ అన్నారు. వారం వారం డి మాత్రలు, రోజూ కాల్షియం. అయిదో నెలలో మా అత్తగారు కొక్కంటి క్రాసులో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కారు. వయసు నొప్పి అయితే అయిదు నెలల్లో వయసు తగ్గదు గదా!

మీరు అడుగుతారు, అనంతపురం ఎండల్లో విటమిన్ డి తక్కువేమిటని. నేనూ అదే అడిగాను. మా కదిరి నియోజకవర్గంలోనే ఎన్.పి.కుంటలో కనుచూపు మేర సోలార్ పలకలు పరిచారు, మా ఎండకు అంత గిరాకీ ఉంది. కానీ తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి.హరినారాయణ్, ఆయన తోటివాళ్ళు చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న మామూలు జనాన్నే చూశారు. పొలంలో పనిచేసే పల్లెవాళ్ళకు పట్నం వాళ్ళకన్నా డి కాస్త మెరుగు, అయినా చాలామందికి చాలినంత లేదు. తినే కాల్షియం రోజుకు మూడు వందల మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంది. తిండిలో కాల్షియం అంత తక్కువైతే ఉన్న విటమిన్ డి కూడా తొందరగా ఖర్చయిపోతుందట. పంట లేని ఇంట్లో చేబదులు తెచ్చిన డబ్బు నిలవనట్టే. ఇంకో సంగతి కూడా వాళ్ళ పరిశీలనలోనే తెలిసింది. మన ప్రాంతంలో చర్మంలో డి బాగా తయారయ్యేది పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు లోపల. లేత ఎండ మంచిదని ఆరింటికి వాకిట్లో నిలబడి వచ్చే మన అలవాటు మనసుకు హాయి, ఎముకకు పెద్దగా ఒరిగేది లేదు. అలాగని ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం నిలబడమని నేననను. చలికాలంలో వడియాలు, చెనక్కాయలు ఎండేసే పని ఆ వేళకు పెట్టుకుంటే చాలు, ముంజేతులు కప్పుకోకుండా.

ఇక తిండి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లాగిన ఆడవాళ్ళకు 1,200. వంద గ్రాముల రాగుల్లో దాదాపు మూడు వందల యాభై ఉంటుంది. వంద గ్రాముల తెల్లబియ్యంలో పది కూడా గగనమే. మా అవ్వ కాలంలో మా ఇళ్ళల్లో మూడు పూటలా సంకటే, పండక్కి మాత్రమే వరన్నం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను, మా ఊళ్ళల్లో ఎన్నో పొయ్యిలు దానివల్లే వెలిగాయి. కానీ ఆ బియ్యంతో పాటే సంకటి పేదవాళ్ళ తిండి అనే చిన్నతనం కూడా వచ్చింది. ముద్ద పోయి అన్నం వచ్చింది, అన్నంతో కాల్షియం రాలేదు. ఇప్పుడు అదే సంకటి బెంగళూరు హోటళ్ళలో నాటుకోడి పులుసుతో ఎంతకు అమ్ముతున్నారో చూస్తున్నాం. 2023 మార్చి నుంచి బడిలో పిల్లలకు రాగిజావ ఇస్తున్నారు, సంతోషం. ఆ పిల్లల తల్లికి మాత్రం పొద్దున రెండు టీలు, పదకొండింటికి మిగిలిన అన్నం. రాగుల్లో కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ అనేది ఉంటుందని కొందరు వంక పెడతారు. ఉంది. నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే అది చాలావరకు తగ్గుతుంది. మన పెద్దవాళ్ళు బిడ్డలకు మొలకరాగుల జావ పోసింది ఊరికే కాదు.

పాల సంగతి రాయాలంటే నాకు కోపం వస్తుంది. గడ్డి కోసేది ఆడది, పేడ ఎత్తేది ఆడది, పొద్దున నాలుగింటికి లేచి పాలు పితికేది ఆడది. పాలు మాత్రం కొలత పాత్రలో కేంద్రానికి పోతాయి. కొవ్వు శాతం తగ్గుతుందని ఒక్క గ్లాసు తియ్యనివ్వరు. మిగిలిన కాసిని పిల్లలకు, తర్వాత మగవాళ్ళకు. ఆమెకు టీలో తెలుపు మారేంత. ఆ ఇంట్లో ఆమెకే నడుము నొప్పి వస్తే "ఎందుకొచ్చిందో ఏమో" అంటారు!

నీళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన రాష్ట్రాల్లో ఎముకల కథ నీళ్ళతోనే మొదలైంది. దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా జనాన్ని చూసి. తర్వాత 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి రాశారు. ఫ్లోరైడ్ ఎముకలో చేరితే ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనబడుతుంది, కానీ అది గట్టిదనం కాదు. తిండిలో కాల్షియం తక్కువున్నవాళ్ళకు దీంతో పారాథైరాయిడ్ గ్రంథుల మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నీళ్ళు ఒకటే అయినా గంజి తాగే ఇంట్లో కాళ్ళు వంగుతాయి, పాలు తాగే ఇంట్లో అంతగా వంగవు. వందల అడుగులు తవ్విన బోరు నీళ్ళు తాగి పెరిగిన మా జిల్లా ఆడవాళ్ళకు ఇది పుస్తకాల సంగతి కాదు. ఇప్పుడు చాలామంది ఇరవై లీటర్ల క్యాన్లు తెచ్చుకుంటున్నాం. ఆర్.ఓ. నీళ్ళల్లో ఫ్లోరైడ్ పోతుంది, మంచిదే. కాల్షియమూ పోతుంది. అది కూడా తిండితోనే పూడ్చుకోవాలి.

ఫాస్ఫరస్ పరీక్ష సంగతి విడిగా రాస్తున్నాను, ఎందుకంటే దాన్ని ఎవరూ రాయరు, మనమూ అడగం. అందరూ కాల్షియం, కాల్షియం అంటారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికి ఇచ్చినవాళ్ళలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. రక్తపు నమూనాలో నీలిరంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. దశాబ్దాల పాటు లోకమంతా ఆ పద్ధతితోనే కొలిచింది. మనవాడు కనిపెట్టిన పరీక్షను మన ఇళ్ళల్లో చేయించుకోకపోవడం నాకు నచ్చదు, అంతే. మూత్రపిండాలు చెడితే ఫాస్ఫేటు బయటికి పోక పెరుగుతుంది, విటమిన్ డి పనిలోకి రాదు, పారాథైరాయిడ్ హార్మోన్ ఎగబాకుతుంది, ఎముకలు దెబ్బతింటాయి. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీల కష్టం గురించి పేపర్లో చదువుతుంటాం కదా, అక్కడివాళ్ళకు పొంచి ఉన్న ముప్పుల్లో ఇదీ ఒకటి. ఇంకో వైపు, ఫాస్ఫేటు బాగా తగ్గిపోయినా ఎముక మెత్తబడుతుంది. ఎముకే ఎఫ్.జి.ఎఫ్.23 అనే హార్మోన్ వదిలి ఫాస్ఫేటును మూత్రంలోకి పంపిస్తుందని 2000 తర్వాతే తెలిసింది. అరుదుగా ఒంట్లో ఎక్కడో శనగగింజంత గడ్డ పుట్టి ఆ హార్మోన్‌ను అతిగా వదులుతుంది. అలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కీళ్ళవాతం మందులు వాడి మంచం పడతారు. వేలూరు సి.ఎం.సి. డాక్టర్లు ఇటువంటి రోగుల గురించి రాశారు. గడ్డ దొరికి తీసేస్తే లేచి నడుస్తారట. దారి చూపేది ఒక్క ఫాస్ఫరస్ పరీక్ష.

నలభైల్లో ఉన్న మనందరికీ దగ్గరి సంగతి ఇంకొకటుంది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఎముక కరగకుండా అది అడ్డుపడుతుంది. ముట్లాగిన తొలి ఏళ్ళలో వెన్నెముక ఏడాదికి నూటికి రెండు మూడు వంతులు తగ్గిపోవచ్చు. యాభైకి ఆగితే అది ప్రకృతి. కానీ మన దగ్గర? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ శాతం దేశంలోనే ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లో. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు తొమ్మిది మంది. ఆ వెనకే తెలంగాణ. ముప్పై నాలుగేళ్ళకు, ముప్పై ఆరేళ్ళకు "పిల్లలు పుట్టారు గదా, ఇంకెందుకు" అని తీయించుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లాగినట్టు లెక్క. పదిహేనేళ్ళు ముందుగా తాకట్టు మొదలైనట్టు. ఆపరేషన్ అయినవాళ్ళలో నేను అడిగినవాళ్ళెవరికీ అండాశయాలు ఉంచారో తీసేశారో తెలియదు. డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. దయచేసి తీసి చదివించుకోండి.

"బిడ్డలు నా ఎముకలు పీల్చేశారు" అని మనవాళ్ళు అనే మాట సగమే నిజం. కడుపులో బిడ్డకు ముప్పై గ్రాముల దాకా కాల్షియం కావాలి, అందుకు తల్లి పేగులు మామూలుకన్నా రెండింతలు పీల్చుకుంటాయి. పాలిచ్చేటప్పుడు మాత్రం తల్లి ఎముక నుంచి పోతుంది. పాలు మాన్పించాక ఆ లోటు చాలావరకు నెలల్లో తిరిగి పూడుతుంది, పూడ్చుకునేంత తిండి ఉంటే. పాపం, బిడ్డల మీద వేసిన నింద అన్నం పళ్ళెం మీద వేయాల్సింది.

ఇంతా చదివి రేపే మందుల షాపుకు వెళ్ళి ఆరు లక్షల యూనిట్ల డి ఇంజక్షన్ వేయించుకోకండి. పరీక్ష లేకుండా నెలకొకటి వేయించుకునేవాళ్ళను చూశాను. అతిగా చేరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మగత వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాథైరాయిడ్ గ్రంథిలోనే గడ్డ ఉండి కాల్షియం పెరిగేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు కాల్షియం మాత్ర చేటు. అందుకే నేను మాత్ర గురించి కాదు, పరీక్ష గురించి పోరుతున్నాను. కాల్షియంతో పాటు ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, వీటితో పాటు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. మొదటి మూడు చవకే. చివరి హార్మోన్ పరీక్ష కాస్త ఖరీదు, మా వైపు రక్తం తీసి బెంగళూరుకో తిరుపతికో పంపుతారు. కొడుకు బండికి కొత్త టైర్లు వేయించినంత కూడా కాదు. "ఇవి రాయండి సార్" అని అడిగితే కొందరు డాక్టర్లు చిరాకు పడతారు. పడనివ్వండి. "నా ఎముకలు మెత్తబడ్డాయేమో చూడండి" అని అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

మా ఇంట్లో రెండు గేదెలు. ఇప్పుడు పాలు కేంద్రానికి వెళ్ళకముందే లీటరు తీసి పక్కన పెడుతున్నాను, మా అత్తగారికి సగం, నాకు సగం. ఇద్దరం పొద్దున ఒక గ్లాసు తాగుతాం, మిగిలింది తోడు వేస్తాను. మా ఆయన నెలాఖరున పాల పుస్తకం చూసి "ముప్పై లీటర్లు తగ్గిందే" అంటున్నారు. తగ్గింది మరి.